ఆరాంఘర్ కారణజన్ముడు

పురాణాల్లో కారణజన్ములు యుగానికొకరు పుడతారు. ఆరాంఘర్ చౌరస్తాలో బండికొకరు పుడతారు. ఏ బానెట్ సందులోంచి సన్నగా పొగ లేచినా చాలు, పక్కన టీ తాగుతున్న మనిషి గ్లాసు కింద పెట్టకుండానే ప్రత్యక్షమవుతాడు. ప్రతి మంటకూ ఒక కారణముందని, అది తనకు తెలుసని, అది లోకానికి చెప్పడానికే తాను పుట్టానని ఆయన నమ్మకం. అసలు పేరు నాకు తెలియదు. కారణరావు అని నేనే పెట్టుకున్నాను.

ఆయన అక్కడే వెలయడానికి స్థలమాహాత్మ్యం ఉంది. మెహిదీపట్నంలో పైకెక్కిన పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు గాలిలో నడిచి ఆరాంఘర్‌లో నేలకు దిగుతుంది. 2008లో విమానాశ్రయం శంషాబాద్‌కు వచ్చింది, మరుసటేడు ఈ వంతెన వచ్చింది, 2025 జనవరిలో జూపార్కు వైపు నుంచి ఇంకో ఫ్లైఓవర్ వచ్చి కలిసింది. మహబూబ్‌నగర్, కర్నూలు, బెంగళూరు బస్సుల కోసం సంచులతో నిలబడక తప్పనివాళ్లు, ఫ్లయిట్ టైమవుతోందని నిలబడడానికి వీల్లేనివాళ్లు ఇక్కడే ఒకరినొకరు దాటుకుంటారు. ఆరాంఘర్ అని పేరే గానీ, అక్కడ ఆరాంగా ఉన్నది కారణరావు ఒక్కడే.

ఆయన్ని మొదట చూసింది ఒక ఏప్రిల్ మధ్యాహ్నం. పైన ఎక్స్‌ప్రెస్‌వే మీద ఏదో కారు అంటుకుంది. కింద ఉన్న మాకు కారు కనబడదు. పిట్టగోడ, దాని మీద నల్లటి పొగ, అంతే. టూవీలర్లను పైకి వెళ్లనివ్వరు కాబట్టి కారణరావు తన స్కూటీని పిల్లరు పక్కన నిలిపి, అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, వైద్యుడు నాడి చూసినట్టు పొగను చూశాడు.

"డీజిల్ బండి. షార్ట్ సర్క్యూట్. పక్కా."

"ఎట్ల తెలిసిందన్నా?" అన్నాడు పక్కనున్న కుర్రాడు.

"పొగ నల్లగ లేదా?"

తెల్లగా ఆవిరిలా వస్తే కూలెంట్, నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ అని మెకానిక్కులు చెప్పే మాట బండి అంటుకోకముందు పనికొస్తుంది. రబ్బరూ ప్లాస్టిక్కూ కాలడం మొదలయ్యాక పెట్రోలు బండయినా, డీజిల్ బండయినా పొగ నలుపే. ఆ సంగతి అప్పటికి నాకూ తెలియదు గనక నేనూ తలూపాను. కారణరావుకు అంతకన్నా అక్కర్లేదు. ఒక్క తల ఊగితే ఆయనకు డాక్టరేటు వచ్చినట్టే.

ఆయన దగ్గర కారణాలు మామిడిపళ్లలా సీజన్‌ను బట్టి వస్తాయి. 2010లో కొన్ని నానో కార్లు అంటుకున్న రోజుల్లో, "చిన్న బండి గదా, వేడి ఆగదు" అనేవాడట. ఆ కంపెనీ విచారణ చేయించి, బయట అదనంగా తగిలించుకున్న ఎలక్ట్రికల్ సామాను, ఎగ్జాస్ట్ మీద ఉండిపోయిన వస్తువులు కారణమని చెప్పింది. ఆ మాట కారణరావు దాకా రాలేదు. 2022 ఎండల్లో బ్యాటరీ స్కూటర్లు కాలితే సీజన్ మారింది. పెట్రోల్లో 20 శాతం ఎథనాల్ కలిశాక మళ్లీ మారింది. ఏడాది పొడవునా దొరికే సరుకు వేరే ఉంది: షార్ట్ సర్క్యూట్, ఎలుకలు, ఏసీ గ్యాసు, అమావాస్య నాటి డెలివరీ.

తమాషా ఏమిటంటే, అమావాస్యను పక్కన పెడితే ఆయన సరుకు పూర్తిగా నకిలీ కాదు. ఇంజన్ వెచ్చగా ఉంటుందని ఎలుక గూడు కడుతుంది, తీరిగ్గా వైర్లు కొరుకుతుంది. కొన్ని పాత బండ్ల రబ్బరు గొట్టాలకు ఎథనాల్ పడదు. మెకానిక్ చెయ్యి తుడుచుకుని మరిచిపోయిన గుడ్డపీలిక, సీలు దగ్గర కారిన ఆయిల్, వేడెక్కిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడితే అంటుకోవచ్చు. ఒక్కో కారణం ఎక్కడో ఒక బండిలో నిజమే. ఆయన దాన్ని ప్రసాదంలా బండ్లన్నిటికీ పంచిపెడతాడు.

ఆ ప్రసాదం నాకూ దక్కింది.

మా అత్తగారిని డల్లాస్ ఫ్లయిట్ ఎక్కించడానికి అత్తాపూర్ నుంచి బయల్దేరాం. డిక్కీలో రెండు సూట్‌కేసులు, ఐదు కిలోల ఆవకాయ. ఆరాంఘర్ దాటుతుండగా ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. "ఎవరో చెత్త కాలుస్తున్నార"న్నాను. మన బండి వాసన ఎప్పుడూ పక్కవాడిదే. ఇంతలో బానెట్ ఎడమ అంచు నుంచి పొగ. పక్కకు తీసి, ఇంజన్ ఆపి, అత్తగారిని దింపేసరికి సందులోంచి నాలుకంత మంట కనబడింది.

నేను వెనక్కి తిరిగే లోపల ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"ఏసీ నడుస్తుండెనా? ఆఁ, గదే. ఏసీ గ్యాసు. పెట్రోల్ యాడ కొట్టిచ్చిన్రు? గందుకే. డిక్కీల ఏమున్నది?"

"ఆవకాయ."

"నూనె!" అన్నాడు చుట్టూ చూస్తూ, దొంగను పట్టుకున్నట్టు.

ఇంజన్ ముందుందని, డిక్కీ వెనకుందని ఆయనకు చెప్పే ధైర్యం అంత మందిలో ఒక్క మా అత్తగారికే వచ్చింది. "నలభై ఏండ్లు పెట్టిన నాయనా, ఎన్నడు అంటుకోలే" అంది.

కారణరావు తగ్గలేదు. "బానెట్ తెరువున్రి! గాలి ఆడాలె!" అని ముందుకొచ్చాడు. నేను తెరిచేవాణ్ణే. వెనక ఆగిన బస్సులోంచి డ్రైవరు ఎర్ర సిలిండరుతో దిగాడు. "తెరిస్తే గాలి తగిలి మొహం మీదికి లేస్తది, దూరం జరుగున్రి" అని ఒక్క మాటని, బానెట్ కింది సందులోంచి పొడి కొట్టాడు. మిర్చి బండాయన తట్టెడు మట్టి తెచ్చి కింద రాలిన నిప్పుల మీద పోశాడు. నిమిషంలో అయిపోయింది. ఆ ఇద్దరూ కారణం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. డ్రైవరు ఖాళీ సిలిండరు చంకన పెట్టుకుని బస్సెక్కాడు, మిర్చి బండాయన మూకుడు దగ్గరికి పరుగెత్తాడు. ఆయనకు మాడిపోతున్న బజ్జీల కారణం స్పష్టంగా తెలుసు.

తర్వాత కానిస్టేబుల్ వచ్చాడు. "ఎవరు చూసిన్రు?" అన్నాడు. అందరం కారణరావు వైపు చూశాం. "నీ పేరు, ఫోన్ నంబరు చెప్పు. కాయితం మీద సంతకం చెయ్యాలె."

అంత ఎత్తు మనిషి అరనిమిషంలో ఎలా చిన్నవాడైపోతాడో ఆ రోజు చూశాను. "నేను చూడలే సార్. నేను ఇప్పుడే వచ్చిన," అన్నాడు. స్కూటీ సెల్ఫ్ ఒక్క నొక్కుకే అందుకుంది. మనదేశంలో అభిప్రాయం ఉచితం, సంతకానికే ఖరీదు.

నాలుగు రోజులకు ఇన్సూరెన్స్ సర్వేయర్ షెడ్డుకు వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. వచ్చీరాగానే కారణం చెప్తాడని ఎదురుచూశాను. ఆయన చెప్పలేదు, అడిగాడు. మొదట వాసనా, పొగా? డ్యాష్‌బోర్డు మీద ఏ లైటు వెలిగింది? ఈ మధ్య సర్వీసింగ్ అయిందా? బండి కింద ఎప్పుడైనా ఆయిల్ మరక చూశారా? చివర్న, చూపు బండి మీదే ఉంచి, "కొత్తగా ఏమన్నా పెట్టించారా?"

నేను గొంతు సవరించుకున్నాను. పెట్టించాను. రెండు తెల్లటి ఫాగ్ లైట్లు, ఒక డబుల్ హారన్. పేరు చెప్పనక్కర్లేని ఒక యాక్సెసరీస్ షాపు ముందు, రోడ్డు మీదే, ఇరవై నిమిషాల్లో.

ఆయన టార్చి వేసి తక్కువ కాలినచోటు నుంచి ఎక్కువ కాలినచోటికి వచ్చాడు. మంట పైకి, పక్కలకు విచ్చుకుంటుంది గనక దాని మూలం సాధారణంగా కిందే ఉంటుందట. నా బండిలో మసి ఎడమ పక్కన, బ్యాటరీ పక్క గోడ మీద విసనకర్రలా పరుచుకుంది. ఆ విసనకర్ర పిడి దగ్గర రేకు అంచు, దానికి ఆనుకుని ఒక వైరు. ఫ్యూజు బాక్సు మూత తీస్తే ఎరుపు పది ఆంపియర్లవి, నీలం పదిహేనువి, అన్నీ పెళ్లికొడుకుల్లా చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎందుకుండవు? కొత్త లైట్ల వైరు వాటి గుమ్మం తొక్కనేలేదు. ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి బిగించారు. 12 వోల్టులేగా అనుకుంటాం, ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనదు. కానీ బండి స్టార్టు చేసేందుకు వందల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీ అది. రోడ్డు గుంతల్లో రేకు అంచుకు రాసుకుని రాసుకుని వైరు తొడుగు తెగింది, రాగి బాడీకి తగిలింది, మధ్యలో ఆపేవాడు లేడు.

వైరు కొసన ఆవగింజంత గుండ్రటి రాగి ముత్యం చూపించాడు. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలట. "అయితే ఇదే సాక్ష్యం!" అన్నాను ఉత్సాహంగా.

"ఇదొక్కటే కాదండీ" అన్నాడు. "మంటలో ఏ వైరు తొడుగైనా కాలుతుంది, కాలాక షార్టవుతుంది, అప్పుడూ ఇలాంటి ముత్యమే వస్తుంది. షార్ట్ వల్ల మంటా, మంట వల్ల షార్టా అనేది ముత్యం చెప్పదు. మీ బండి త్వరగా ఆర్పారు కాబట్టి రేకు మీది గాటు, రాపిడి, మసి కలిపి చూడగలిగాను. పూర్తిగా కాలిపోయుంటే 'కారణం నిర్ధారించలేం' అని రాసేవాణ్ణి."

ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుంది. మొదటి గంటలో పుట్టిన కథ ఎంత దూరం పోతుందో ఈ దారిలోనే చూశాం. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయి 19 మంది ప్రయాణికులు పోయారు. బస్సు బైకును గుద్దిందన్నది మొదట అందరూ అనుకున్నది. బైకు అంతకుముందే డివైడరుకు తగిలి పడిపోయిందని, దాన్ని నడిపిన యువకుడు అక్కడే చనిపోయాడని, రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకుపోయిందని పోలీసుల విచారణలో తేలింది. సామాను అరలో ఉన్న 200కు పైగా సెల్‌ఫోన్ల బ్యాటరీలు మంటను పెంచాయని ఫోరెన్సిక్ వాళ్లు చెప్పారు. ఓపిగ్గా వెతికితే తప్ప, తర్వాతి బస్సులో ఏం మార్చాలో ఎవరికీ తెలియదు.

ఇంతకీ నా బండిది షార్ట్ సర్క్యూటే. అంటే కారణరావు నెగ్గాడా? ఆ రోజు ఆయన ఏసీ గ్యాసు, పెట్రోలు, ఆవకాయ నూనె అన్నాడు. తన ఆస్థాన కారణాన్ని వాడుకోని రోజు ఏడాదికి అదొక్కటేనేమో. అన్నా పెద్ద తేడా ఉండేది కాదు. షార్ట్ సర్క్యూట్ ఒక పేరు. అందులో షాపువాడు లేడు, లేని ఫ్యూజు లేదు, ఎదుటి బండివాడి కళ్లు బైర్లు కమ్మాలని సరదాపడిన నేను లేను. ఎవరి మీదా వేలు చూపని మాట గనకే అందరికీ అది అంత ముద్దు. కారణం నిజంగా దొరికితే, దానికి ఒక చిరునామా ఉంటుంది. నా విషయంలో అది మా ఇంటి చిరునామా.

మొన్న మళ్లీ ఆరాంఘర్‌లో బస్సు కోసం నిలబడ్డాను. పైన వంతెన మీద పొగ. ఒక కుర్రాడు బ్యాగు భుజానికి ఎగదోసుకుంటూ నన్నే అడిగాడు, "ఏమైందన్నా?"

"తెల్వదు తమ్మీ."

"ఇంత సేపటి సంది ఈడనే ఉన్నవు గదా, తెల్వదంటవేంది?"

"కనబడ్తలేదు గదా" అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, పక్కకు తిరిగాడు. పక్కన టీ గ్లాసుతో ఒక మనిషి, అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, అప్పటికే పొగను చూస్తున్నాడు.