కొంచెం ఎడమకు తీయన్నా

నా ముఖం మీద నా పేరు తిరగేసి రాసి ఉంటుంది. ఎదురుగా నిలబడి చూస్తే అక్షరాలు తారుమారుగా కనిపిస్తాయి. నా ముందు పోయే బండి డ్రైవరు తన సైడు అద్దంలోకి చూస్తే మాత్రం ‘అంబులెన్స్’ అని చక్కగా చదువుకోవచ్చు. ముందున్నవాడు అద్దం చూస్తాడన్న నమ్మకంతోనే నా పేరు అలా రాశారు. గార్లదిన్నె మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద నా బతుకంతా ఆ నమ్మకం మీదే నడుస్తోంది.

నేను 108 బండిని. 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి వెయ్యికి పైగా 108, 104 బండ్లు బారులు తీరి జిల్లాలకు కదిలాయి. ఆ బారులో నేనూ ఉన్నాను. నా ముందు తరం 2005 ఆగస్టు 15 నుంచి ఇదే పని చేసింది. పల్లెలో ఫోను మోగిన ఇరవై నిమిషాల్లో గడప ముందు ఉండాలన్నది మాకు పెట్టిన లెక్క. నన్ను నడిపే మనిషిని పైలట్ అంటారు. వెనక రోగి పక్కన కూర్చునేది టెక్నీషియన్. ఆక్సిజన్ సిలిండరు, స్ట్రెచరు, కాన్పు సామాను, కట్లు అన్నీ నా కడుపులోనే.

ఉత్తరాన పామిడి, దక్షిణాన అనంతపురం, లోపలికి పోతే పెనకచర్ల డ్యాం దారి పల్లెలు. నేను తిరిగే నేల ఇది. వాన కోసం ఆకాశం చూసే నేల. ఎర్రమట్టి, వేరుశనగ చేలు, బోరు నీళ్ళున్న చోట చీనీ తోటలు, అరటి తోటలు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే రోడ్డు ఈ చేలను చీల్చుకుంటూ పోతుంది. ఇక్కడి పెద్దవాళ్ళు దాన్ని ఇంకా ఏడో నంబరు రోడ్డనే అంటారు. హైదరాబాదు, బెంగళూరు మధ్య తిరిగే సరుకంతా దీని మీదే. తాడిపత్రి సిమెంటు, టమోటా, చీనీకాయలు, గాలిమర రెక్కలను మోసుకొచ్చే బారెడు ట్రైలర్లు. అవన్నీ పోయే దారిలోనే ఊపిరాడని మనిషినో, నొప్పులు పడుతున్న తల్లినో పడుకోబెట్టుకుని అనంతపురం పెద్దాసుపత్రికి నేను పోవాలి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం సంగతి చెప్తాను. పెనకచర్ల దారిలోని ఒక పల్లెలో తొలి కాన్పు నొప్పులు. అమ్మాయిని ఎక్కించుకున్నాం, వెంట ఆమె అత్త ఎక్కింది. లోపలి రోడ్డు మీద గుంతలున్నా గబగబా వచ్చేశాం. హైవే ఎక్కినాక కదా ఇంకా తొందరగా పోవాలి. ఎక్కిన కాసేపటికే మా ముందు రెండు లోడు లారీలు, ఎడమ లైనులో ఒకటి, కుడి లైనులో ఒకటి. కుడి లారీ పక్క లారీని దాటాలని వచ్చింది. దాటే సత్తువ దానికి లేదు, వెనక్కి తగ్గుదామన్న తలంపు నడిపేవాడికి లేదు. చిన్న ఎత్తు రాగానే రెండూ నలభైకి పడిపోయి జంటగా పాకుతున్నాయి. డివైడరు నుంచి మట్టి అంచు దాకా రోడ్డంతా ఆ రెండు వీపులే. టార్పాలిన్ తాడు కొస ఒకటి ఊడిపోయి నంబరు ప్లేటు మీద టపటపా కొట్టుకుంటోంది. దాని పైన ‘సౌండ్ హారన్’ అని పసుపు రంగు అక్షరాలు.

నా సైరన్ గొంతు చించుకుంటోంది. పైలట్ మైకు తీసుకున్నాడు. “కుడి పక్క లారీ అన్నా, రవ్వంత వెనక్కి తగ్గు. ఎడమకు తీయన్నా. లోపల డెలివరీ కేసుంది.”

కదల్లేదు.

“ఇంగెంత దూరం నాయనా?” అని అత్త అడిగింది.

“వచ్చేసినాంలే అవ్వా. ముందర లారీ జరిగితే బిరీన పోతాం.”

“కడుపుతో ఉండే బిడ్డ ఉందని గట్టిగా చెప్పు నాయనా. వాళ్ళకూ ఆడబిడ్డలు ఉంటారు గదా.”

మళ్ళీ చెప్పాడు. అంతలో వెనక నుంచి టెక్నీషియన్ గొంతు వినబడింది. “అన్నా, పక్కకు తీసి ఆపు. తల కనపడతాంది.”

రోడ్డు పక్కన ఆపేశాం. తలుపులు వేసి ఆ ఎండలోనే కాన్పు చేశారు. బిడ్డ వెంటనే ఏడవలేదు. టెక్నీషియన్ నోట్లోని తడి తీసి, వీపు రుద్ది, మళ్ళీ రుద్దింది. అప్పుడు ఏడ్చింది. తల్లీబిడ్డా ఇద్దరూ బాగున్నారు. అయినా ఆ ఏడుపు కోసం ఎదురుచూసిన కాసేపూ ఒక డాక్టరు పక్కన ఉండాల్సింది. ఆ కాసేపటిని మా దగ్గర నుంచి లాక్కున్నది జబ్బూ కాదు, దూరమూ కాదు. కుడి లైనును వదలని ఒక లారీ.

నిదానంగా పోవడం తప్పని నేను ఎప్పుడూ అనను. నిండు లోడుతో ఉన్న లారీ ఎత్తు మీద నలభైలో పోతే దాన్ని తిట్టేవాడికి బరువు మోయడమంటే ఏమిటో తెలియదు. ఎద్దుల బండి నిదానంగానే పోతుంది, కాయలు నింపుకున్న ట్రాక్టరూ అంతే. నిదానంగా పోయే బండి ఎడమన పోవాలి. కుడి లైను దాటడానికి ఉంది. దాటేశాక మళ్ళీ ఎడమకు రావాలి. లైసెన్సు తీసుకునేటప్పుడు అందరూ విన్న సంగతే ఇది. రోడ్డు ఎక్కినాక కుడి లైను ఇంటి అరుగులా అయిపోతుంది. ఎక్కి కూర్చున్నవాడు దిగడు.

దిగకపోవడానికి కారణాలున్నాయి. అవి నాకు కనపడుతూనే ఉంటాయి, ఎందుకంటే కుడి లైను దొరకనప్పుడు నా పైలట్ ఎడమ నుంచే దూరాలి. అక్కడ ఏముంటుందో చూడండి. టీ అంగడి ముందు సగం రోడ్డు మీద, సగం మట్టిలో ఆపిన లారీ. దాని వెనక లైటు ఉండదు, రేడియం స్టిక్కరు ఉంటే దుమ్ము కప్పేసి ఉంటుంది. యూటర్న్ దాకా పోయి తిరిగి రావడానికి బద్ధకించి ఎదురొచ్చే మోటారుసైకిలు, దాని మీద ముగ్గురు. రాత్రయితే వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ. లోపలి రోడ్ల మీదైతే కోతల కాలంలో నూర్పిడికి పరిచిన ఉలవ కట్టె. ఎడమ లైనులో ఇన్ని ఉంటే లోడు లారీ డ్రైవరు కుడికి అంటిపెట్టుకుంటాడు. ఒకడి అలవాటు ఇంకొకణ్ణి పక్కకు నెడుతుంది, వాడు మూడోవాడి దారికి అడ్డం పడతాడు. చివరికి అదంతా వచ్చి నా ముందు ఆగుతుంది.

అన్నిటికన్నా పెద్ద కారణం మాత్రం ఎవరూ మాట్లాడని ఇంకొకటి. లారీలో క్లీనరు లేకుండా పోయాడు. నా ముందు తరం బండ్లు రోడ్డెక్కిన కాలంలో లారీ ఎడమ కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి ఉండేది. ఆ చెయ్యి ఊపితే దాటొచ్చని, అడ్డంగా పెడితే ఆగమని. సైరన్ వినపడగానే క్లీనరు తల బయటపెట్టి వెనక్కి చూసి, “అంబులెన్స్ వస్తాంది, తియ్ తియ్” అని డ్రైవరును అదిలించేవాడు. ఖర్చు తగ్గించుకోవాలని ఇప్పుడు చాలా లారీలను ఒక్క మనిషితోనే పంపుతున్నారు. అంత పొడవు బండికి ఎడమ పక్క కళ్ళు పోయాయి. అద్దంలో కనపడని మూలలో బైకు ఉందో ఆటో ఉందో తెలియక, ఎడమకు తిప్పాలంటే ఆ ఒంటరి మనిషి చేతులు వణుకుతాయి. నిద్ర లేని కళ్ళతో రాత్రంతా నడిపినవాడికి ఆ భయం ఇంకా ఎక్కువ. కుడి లైను పట్టుకుని ఉండిపోయే లారీలను చూసి నాకు కోపం వస్తుంది. కిటికీలో రెండో తల లేని లారీని చూస్తే ఆ కోపం దాని యజమాని మీదికి పోతుంది.

కార్లవాళ్ళకు ఆ సాకు కూడా లేదు. అద్దాలన్నీ ఎత్తేసి, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని, ఒక చేత్తో ఫోనులో మాట్లాడుతూ కుడి లైనులో అరవైలో పోతుంటారు. నా సైరన్ వాళ్ళ చెవిని తాకేసరికి నా బంపరు వాళ్ళ డిక్కీ దగ్గర ఉంటుంది. అప్పుడు కంగారుపడి ఉన్నచోటే బ్రేకు తొక్కుతారు. అది అన్నిటికన్నా ప్రమాదం. ఇండికేటరు వేసి, మెల్లగా ఎడమకు జరిగి, ఆ తర్వాత వేగం తగ్గిస్తే చాలు. ఆటోలకు, బైకులకు అద్దాలుంటాయి. ఆటో అద్దం వెనక సీట్లో వాళ్ళను చూసుకునేలా లోపలికి తిప్పి ఉంటుంది, బైకు అద్దం కొన్న వారానికే విప్పేసి ఉంటుంది. తిరగేసి రాసిన నా పేరును చదివేవాళ్ళు ఎవరు? ఇంకొందరు దారి ఇస్తారు, ఇచ్చి నా వెనకే తోకలా పట్టుకుంటారు, రోగి కోసం తెరుచుకున్న దారిలో తామూ దూరిపోదామని. మలుపులో నేను బ్రేకు వేయాల్సి వస్తే స్ట్రెచరు మీది మనిషి గతేమిటన్న ఆలోచన వాళ్ళకు రాదు.

చట్టానికి ఇదంతా తెలుసు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194ఈ సెక్షన్ ఉంది. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. గాయపడ్డ తర్వాతి మొదటి గంటకు ‘గోల్డెన్ అవర్’ అని అదే చట్టం పేరు పెట్టింది. ఆ గంటలో చికిత్స అందితే బతికే అవకాశం ఎక్కువ. నేను బయలుదేరేసరికే ఆ గంటలో కొంత అయిపోయి ఉంటుంది. మిగిలినదాన్ని నాకు ఇవ్వాల్సింది రోడ్డు మీద ఉన్నవాళ్ళే.

ఈ జిల్లా నుంచి అమెరికా పోయిన పిల్లలు చాలామంది ఉన్నారు. అక్కడ సైరన్ వినపడితే బండిని కుడి అంచుకు తీసి ఆపేయాలి, ఆపుతారు. జర్మనీలో ట్రాఫిక్ నిలిచిపోగానే, అంబులెన్స్ ఇంకా కనపడకముందే బండ్లన్నీ రెండు పక్కలకు ఒదిగి నడుమ దారి వదలాలన్నది చట్టం. ఆ పిల్లలే సెలవులకు వచ్చి బెంగళూరు విమానాశ్రయం నుంచి కారులో ఇంటికి వస్తుంటారు. అక్కడ చేసినట్టే ఇక్కడా చేయమని వాళ్ళను బతిమాలుకుంటున్నాను. ఒక కారు జరిగితే వెనక కారు దాన్ని చూసి జరుగుతుంది, నేను చూశాను.

2024 నవంబరు 23న మా మండలంలోనే తలగాసిపల్లె దగ్గర బస్సు, ఆటో ఢీకొన్నాయి. ఆటోలో ఉన్నది పుట్లూరు మండలం ఎల్లుట్ల కూలీలు. తోట పని ముగించుకుని ఇంటికి పోతున్నవాళ్ళు. ఒక్క ఊరి మనుషులు చాలామంది ఒకే ప్రమాదంలో చనిపోవడం ఈ తట్టు ఎవరూ మరిచిపోలేదు. ఎనభైలో పోయే బండికీ, పరిమితికి మించి కూలీలను ఎక్కించుకున్న ఆటోకూ ఒకటే రోడ్డయినప్పుడు, ఎవడు ఎక్కడ ఉండాలో అక్కడ ఉండటం మర్యాద ఒక్కటే కాదు, ప్రాణాలు దాని మీదే నిలిచి ఉంటాయి. అప్పటి నుంచి పల్లె రోడ్డు హైవేలో కలిసే ప్రతి చోటా నా పైలట్ కాలు తానంతట తనే బ్రేకు మీదికి పోతుంది.

దారి ఇచ్చేవాళ్ళ గురించీ చెప్పాలి. గొర్రెల మందతో రోడ్డు దాటే కాపరి నా సైరన్ అంత దూరాన ఉండగానే చెయ్యెత్తి, గొర్రెలను అంచుకు తోలేస్తాడు. అతనికి అద్దం లేదు, ఇండికేటరూ లేదు.

ఒక వానాకాలం రాత్రి గుండెనొప్పి మనిషిని తీసుకుపోతున్నాం. ముందు కుడి లైనులో లోడు లారీ. సైరన్ మోగించిన కొద్దిసేపటికే ఇండికేటరు పడింది. ఎడమ లైనులో ఇంకో బండి ఉండటంతో వేగం తగ్గించి, దాన్ని ముందుకు పోనిచ్చి, దాని వెనకగా ఎడమకు వచ్చింది. మేం సులువుగా పోవాలని ఇంకా జరిగి రెండు చక్రాలు మట్టిలోకి దింపింది. అరగంటలో ఆసుపత్రికి చేరాం, డాక్టర్లు ఆ మనిషిని లోపలికి తీసుకున్నారు. తిరిగొస్తుంటే ఆ లారీ అక్కడే ఉంది. తడి మట్టిలో ఎడమ చక్రాలు దిగబడిపోయాయి. డ్రైవరు ఒక్కడే కింద కూర్చుని చక్రం కింద రాళ్ళు పేరుస్తున్నాడు. నా పైలట్ బండి ఆపి, హైవే సాయానికి 1033కు ఫోను చేసి, తనూ రాళ్ళు అందించడానికి దిగాడు.

“మా కోసం దిగబడిపోతివి గదన్నా” అన్నాడు.

“అదేం లేదులే సార్. ఆ పక్క చూసి చెప్పే పిల్లోడు ఒకడుండింటే ఇంకా ముందరే తీసేసింటి” అన్నాడు లారీ డ్రైవరు, ఇంకో రాయి కోసం చెయ్యి చాస్తూ.