పైన పటారం... లోన సింగిల్ ఓనర్!

‘‘సింగిల్ ఓనర్ సార్, ఆదివారాలు మాత్రమే తీశాం!’’ అంటాడు పాత బైకు అమ్మేవాడు. మీటరు చూస్తే ఆరు వేల కిలోమీటర్లు. అరిగిన స్ప్రాకెట్ పళ్లను అడిగితే అరవై వేలు. టైరు మీద ‘2318’ అని ఉంది. అంటే 2018లో 23వ వారం సరుకు. అయినా కొనబోయే మనవాడి కళ్లకు నింజా 1000 పచ్చరంగు తప్ప ఇంకేమీ ఆనదు. 1043 సీసీ ఇంజిను, 19 లీటర్ల ట్యాంకు, దూరప్రయాణాల బండి! తీరా కొన్నాక తెలిసింది: 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. ఇక మిగిలింది అమీర్‌పేట సిగ్నల్లో తొడలు కాల్చుకోవడమే. పక్కనే స్కూటరు మీదున్న పెద్దాయన ‘‘మైలేజీ ఎంతిస్తది బిడ్డా?’’ అన్నాడు. కొనకముందు ఇంటావిడ ఇదే అడిగితే చెవికెక్కిందా?