'అవి రావడం లేదు సార్' అని ఉత్తర్వులిచ్చిన అయ్యగారికి

మహారాజశ్రీ పాత రకం కండ్లద్దాలను ఆపించిన అయ్యగారి సముఖానికి, మదనపల్లె టమోటా మండీలో ముప్పై రెండేళ్లు లెక్కలు రాసి ఇంటిపట్టున కూర్చున్న గుమాస్తా పెట్టుకునే అర్జీ.

అయ్యా, మీ పేరు తెలియదు, ఆఫీసు ఎక్కడో తెలియదు. అయినా మీరున్నారని గట్టి నమ్మకం. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో నేను మెట్టెక్కిన దాదాపు ప్రతి కండ్లద్దాల అంగట్లోనూ ఒకటే మాట: "అవి ఇప్పుడు రావడం లేదు సార్." ఎవరాపారు నాయనా అంటే పైకి చూస్తారు. పైన ఫ్యాను తిరుగుతుంటుంది. కుప్పంలోనైతే ఈ మాట మూడు భాషల్లో విన్నాను. నా ముందున్న తమిళాయనకు "ఇప్ప వర్రదిల్ల", వెనకున్న కన్నడామెకు "ఈగ బరల్ల". కన్నడంలో ఈగ అంటే ఇప్పుడు. మన ఈగలు మాత్రం ఆ అంగడికి బాగానే వస్తున్నాయి.

నేను కోరింది గొంతెమ్మ కోరికేం కాదు. ఎగ్జిక్యూటివ్ బైఫోకల్, అదీ గాజుది. ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డగీత. పైన దూరం, కింద దగ్గర. గోటితో రాస్తే గీత దగ్గర చిన్న మెట్టులా తగిలేది. మండీ దుమ్మంతా అక్కడే చేరేది, పంచె చెంగు మొనతో తీసుకునేవాణ్ణి. బరువే. ముక్కు మీద రెండు గుంటలు ఇప్పటికీ పూడలేదు. కానీ మండీ పద్దు పుస్తకం తెరిస్తే మూరెడు వెడల్పు. ఎడమ అంచున రైతు పేరు, తర్వాత ఊరు, బాక్సులు, ధర, కమీషను, కూలి, కుడి అంచున చేతికిచ్చిన రొక్కం. తల కదపకుండా వరసంతా చదివేవాణ్ణి. కండ్లెత్తితే వేలంపాటలో లేచిన చేతులు. 2023 జూలైలో కిలో టమోటా రెండు వందల దరిదాపుకు పోయినప్పుడు ఒక్క సున్నా తప్పినా నా కొంప మునిగేది. మునగలేదు.

ఆ అద్దం నిరుడు బావిగట్టు మీద జారిపడింది. గాజు కదా, మాటలేదు.

"ప్రోగ్రెసివ్ తీసుకోండి సార్, గీతే కనపడదు, వయసే తెలీదు" అన్నాడు అంగడబ్బాయి. నా తల చూసి కూడా ఆ మాట అనగలిగినవాడు తప్పకుండా బాగుపడతాడు. అయినా చత్వారం అన్న మాటలోనే నలభై ఉంది. దాచి ఏం లాభం? అంగడి ఏదో, ఏ ఊరిదో చెప్పను గానీ, సన్నటి ఫ్రేము అంటగట్టాడు, కొలత తీయలేదు. ప్రోగ్రెసివ్‌లో చదివే భాగం అడుగున ఉంటుంది. ఫ్రేముకు లోతు లేకపోతే అరగదీసేటప్పుడు ఆ భాగమే కోతలో పోతుంది. నాది పోయింది. చదవాలంటే కోడిపుంజులా మెడ ఎత్తాల్సి వచ్చేది.

రెండోసారి వేరే అంగట్లో కుర్రాడొకడు పని తెలిసినవాడు దొరికాడు. లోతైన ఫ్రేము తొడిగి, నాకెదురుగా స్టూలు వేసుకుని, "నా ముక్కు చూడండి సామీ" అని, రెండు కనుపాపల ముందూ అద్దం మీద సిరాచుక్క పెట్టాడు. చుక్క నుంచి కింది అంచుదాకా మిల్లీమీటర్ల లెక్కన కొలిచి రాసుకున్నాడు. ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను: ఆ అద్దంతో బస్సు బోర్డూ కనపడింది, సెల్‌ఫోనూ కనపడింది, నడుమ దూరంలో అంగడి అరలోని సబ్బు ధరా కనపడింది. పాతది సబ్బు ధర చూపేది కాదు. పద్దు పుస్తకం దగ్గరికొచ్చేసరికే కథ తిరగబడింది. నడుమ సన్నటి దారి, అటూ ఇటూ మసక. రైతు అగుపడితే రొక్కం అగుపడదు. వరస చివరిదాకా పోవాలంటే గంగిరెద్దులా తల ఆడించాలి.

ప్రోగ్రెసివ్‌ను కొత్త రకం అంటారు గానీ, బెర్నార్డ్ మైటెనాజ్ అనే ఫ్రెంచి ఇంజినీరు వారిలక్స్ పేరుతో దాన్ని దింపింది 1959లో. నాకన్నా ఏడాది పెద్దది. ఇక గీత సంగతంటారా, అమెరికా నుంచి ఫ్రాన్సుకు దూతగా వెళ్లిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ రెండు జతల అద్దాలను సగాలుగా కోయించి ఒకే చట్రంలో బిగించుకున్నాడు. కింది సగంతో కంచం, పై సగంతో ఎదుటి ఫ్రెంచివాళ్ల ముఖకవళికలు చూస్తే భాష బాగా అర్థమవుతోందని 1785లో స్నేహితుడికి జాబు రాశాడు. మా మండీ పని కూడా అచ్చం అదే.

బెంగళూరు నుంచి లెన్సులు తెచ్చే ఏజెంటు ఒకాయన టీ తాగుతూ అసలు గుట్టు విప్పాడు. బైఫోకల్ అయితే చదివే బిళ్ల ముందే పోసి ఉంచాలట. యాడ్, అంటే చదవడానికి కలిపే పవరు, పావు పెరిగితే ఒకటి, మరో పావుకు మరొకటి, బిళ్ల డి అక్షరంలా ఉండే రకమైతే కుడికి వేరే, ఎడమకు వేరే. అలమర చాలదు. ప్రోగ్రెసివ్‌కు మామూలు బిళ్ల చాలు, కంప్యూటరు మిషను చెక్కేస్తుంది. అంటే అయ్యా, మిమ్మల్ని మంత్రి అనో, కంపెనీ యజమాని అనో ఇన్నాళ్లూ భయపడ్డాను. తీరా చూస్తే మీరు చోటులేని అలమర. పోనీండి, అలమరకైనా అర్జీ అర్జీయే. 2025 సెప్టెంబర్ 22 నుంచి కండ్లద్దాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దించారు. పన్ను దిగొచ్చింది, సరుకే దిగడంలేదు.

పుంగనూరులో ఒక ముసలాయన మాత్రం "రావు" అనకుండా "కూచో సామీ" అన్నాడు. అడుగు సొరుగు లాగి, పవర్లు రాసిన కాగితం కవర్లు ఒక్కొక్కటీ విప్పాడు. సిరా వెలిసిపోయి ఆయనా భూతద్దం పెట్టాల్సి వచ్చింది. ఎగ్జిక్యూటివ్ లేదు. గుండ్రటి బిళ్ల పొదిగిన గాజు కేటీ ఒకటి దొరికింది. కేటీ అంటే క్రిప్టాక్, గ్రీకులో దాగినది అని. వేరే రకం గాజుబిళ్లను కొలిమిలో కరిగించి అతికిస్తారు, తడిమితే చేతికి తగలదు. అది నా కుడికంటి పవరే. ఎడమది లేదు. డబ్బు వద్దన్నాడు. బలవంతాన ఇచ్చి వచ్చాను.

ఆ ఊరి పొట్టి ఆవులు అంతరించిపోతాయని పలమనేరు పరిశోధనా కేంద్రంలో సాకుతున్నారు. నాలుగు కేటీలను, రెండు ఎగ్జిక్యూటివ్‌లను సాకమంటే తప్పా? మేత కూడా అడగవు.

అంతదాకా, మీ అలమర మూలన ఎక్కడైనా ఉంటే చూడగలరు: ఎడమకన్ను, ప్లస్ 2.00, యాడ్ 2.50, గాజు. కుడిది కవరుతో సహా నా చొక్కా జేబులోనే ఉంది.

ఇట్లు,
మదనపల్లె మండీ మాజీ గుమాస్తా