17.75 అడుగులకి మూడంగుళాల జవాబు

కోనసీమలో తలెత్తి చూడాల్సినవి చాలా తక్కువ. కొబ్బరిచెట్టు, ఏటిగట్టు, దిండి-చించినాడ వంతెన, కనుమ నాడు జగ్గన్నతోటకి వచ్చే ప్రభలు. కొండ చూడాలని ముచ్చటేస్తే గోదారి దాటి పోవాల్సిందే. సరిగ్గా ఇలాంటి చోటే జీపుల్ని కొండలెక్కడానికి తయారు చేయించుకుంటున్నారు మన కుర్రాళ్ళు. పాత మహీంద్రా డీజిల్ జీపు కొనడం, కమాను కట్టలకి పొడుగు షాకిళ్ళు తగిలించి మూడంగుళాలు పైకి లేపడం, మడ్‌గార్డుల్లో పట్టని టైర్లు వేయడం, ముందద్దం మీద ఇంటిపేరు రాయించడం. ఇంతా చేసి అది ఎక్కే శిఖరం ఏదయ్యా అంటే, అమలాపురం గడియార స్తంభం సెంటర్లో టిఫిన్ హోటల్ ముందున్న సిమెంటు చపటా.

ఎందుకురా అబ్బాయ్ ఇదంతా అంటే జవాబు నాలిక చివరే ఉంటుంది.

“వరదలండి బాబాయ్. మనది లంకల ప్రాంతం కదండీ.”

వరద పేరెత్తాక ఇక్కడ ఎవరూ ఎదురు మాట్లాడరు, అది వాడికీ తెలుసు. అందుకని లెక్కల్లో మాట్లాడుకుందాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే. 1986 ఆగస్టులోనూ, 2022 జులైలోనూ గోదారి ఆ గీత దాటి చాలా దూరం పోయింది. దానికి మనవాడి జవాబు మూడంగుళాలు! కనకాయలంక కాజ్‌వే మునిగిన రోజున జనం ఎక్కేది పడవ. ఇవతలి ఒడ్డున ఆటో ఆగిపోతుంది, పాలక్యాన్ల మోపెడ్ ఆగిపోతుంది, ఈ జీపూ ఆగిపోతుంది. కాకపోతే ఆటో పక్కన నిలబడి ఎవరూ ఫొటో దిగరు.

పైగా ఆ మూడంగుళాలైనా ఎక్కడ లేచినట్టు? కమాను కట్టల మీద కూచున్న బాడీ లేచింది. కింద ఇరుసు హౌసింగు, దాని మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ గుండు, ఎప్పుడూ ఉన్నచోటే ఉన్నాయి. రాయి ముందు తగిలేది ఆ గుండుకే. దాన్ని లేపాలంటే పెద్ద టైరు వేయడం తప్ప వేరే దారి లేదు, అదీ టైరు ఎంత పెరిగితే అందులో సగమే. అంటే మనం డబ్బు పోసి పైకి లేపింది మన సీటుని.

అసలు తమాషా ఆ తర్వాత మొదలవుతుంది. జీపు లేచింది గానీ షాకబ్జర్ లేవలేదు. దాని పైకొన చాసిస్‌కి, కిందికొన ఇరుసు దగ్గర కమాను కట్ట కిందుండే ప్లేటుకి బిగించి ఉంటాయి. ఆ రెండింటి మధ్య దూరం మూడంగుళాలు పెరిగేసరికి షాకబ్జర్ నిలబడిన చోటే ముప్పాతిక వంతు సాగిపోయి ఉంటుంది. ముందు చక్రం గోతిలో దిగడం ఆలస్యం, మిగిలిన పాతికా సాగి టక్కుమని ఆగుతుంది. ఇరుసూ చక్రాల బరువంతా ఆ సన్నటి రాడ్డుకి వేలాడుతుంది. నాలుగు గోతులకి ఆయిలు సీలు పోతుంది, ఆనక బ్రాకెట్టే ఊడి వస్తుంది.

మేస్త్రి దగ్గర దీనికి మందుంది. దళసరి ఇనప పట్టీ కోసి, రెండు బెజ్జాలు వేసి, అటో ఇటో వెల్డింగు పెట్టి, పైన ఎర్ర రంగు కొడతాడు. షాకబ్జర్ ఎక్స్‌టెన్షన్ అంటే అదే. కింది బోల్టు పాత బెజ్జంలోంచి ఈ ముక్క కొసకి మారుతుంది.

“పొడుగు షాకబ్జర్లే వేసెయ్యొచ్చుగా మేస్త్రీ?”

“వేసెయ్యొచ్చండి. కుర్రాడు టైర్లకే అంతా పెట్టేశాడండి. ఆయ్.”

మేస్త్రిది తప్పంటానికి లేదు. లేపింది తక్కువైతే, కొలిచి చేస్తే, ఆ ముక్క పనికొచ్చేదే. దాన్ని తగిలించుకుని “షాకబ్జర్లు పొడుగు చేయించానండి” అని ఊరంతా చెప్పుకు తిరిగే యజమానితోనే నా పేచీ. ముక్కాలిపీట ఎక్కితే అటక మీది డబ్బా అందుతుంది గానీ చెయ్యి పొడుగవదు. షాకబ్జర్ లోపల పిస్టను తిరిగే దూరం ఎంతో అంతే, అంగుళం కూడా పెరగలేదు. గోతిలో దిగేటప్పటి బాధని తీసుకెళ్ళి గతుకెక్కేటప్పటికి మార్చారు, అంతే. చక్రం పైకి తన్నినప్పుడు షాకబ్జర్ ఇదివరకటికంటే మూడంగుళాల ముందే పూర్తిగా మూసుకుపోతుంది. చాసిస్ కిందున్న రబ్బరు దిమ్మకి ఇరుసు తగిలి ఆగాలని కంపెనీ వాళ్ళు పెట్టారు. ఇప్పుడు దిమ్మకంటే ముందు షాకబ్జరే గుద్దుకుంటుంది. కాబట్టి ఆ దిమ్మని కూడా అంతమేరా కిందికి దించాలి. ఎర్ర రంగు ముక్కలు చాలా జీపులకి చూశాను. దించిన దిమ్మ మాత్రం కంటబడలేదు. దిమ్మ బయటికి కనబడదు కదా మరి!

కొత్త థార్ వాళ్ళది ఇంకో గొడవ. 2020 అక్టోబర్ 2న వచ్చిన ఆ బండికి 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు, 650 మిల్లీమీటర్ల నీళ్ళలో నడిచే సత్తా కంపెనీయే ఇచ్చి పంపింది. ముందువైపు కమాను కట్టలే లేవు, స్ప్రింగూ షాకబ్జరూ ఒకే గుత్తి. అయినా ఆ గుత్తి నెత్తిన ఓ లోహపు బిళ్ళ పెట్టి లేపాల్సిందే. చక్రాలకి పోయే యాక్సిల్ రాడ్లు వాలిపోయి రబ్బరు తొడుగులు చిరుగుతాయి, గ్రీజు రోడ్డు పాలవుతుంది. ఆ బండిని తయారు చేసినవాళ్ళకి తెలియని రహస్యం ముక్తేశ్వరం రోడ్డులో వెల్డింగు షాపుకి తెలుసన్నమాట.

నీళ్ళలోనూ గట్ల మీదా ఎత్తైన దాన్ని నడిపించే విద్య ఇక్కడివాళ్ళకి కొత్తేం కాదు. గంగలకుర్రు ప్రభలు కౌశిక దాటేటప్పుడు చూడండి. వరిచేలు తొక్కుకుంటూ వచ్చి, పీకల్లోతు నీళ్ళలో దిగి, భుజాల మీదే దాటిస్తారు. అడుగు జారినవాడి పక్కనున్నవాడు వంగుతాడు, లేస్తాడు, సర్దుకుంటాడు. ప్రభ ఒరగదు. ఆ సస్పెన్షనుకి ఎర్ర ముక్కలేం అక్కర్లేదు.

చట్టం సంగతి అడిగితే మాత్రం కుర్రాళ్ళు చెవిటివాళ్ళయిపోతారు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. దొరికితే ఆర్నెల్ల దాకా జైలు, లేదా మార్పుకి 5,000 చొప్పున జరిమానా, లేదా రెండూ. షాకిళ్ళు, టైర్లు, ముక్కలు, బిళ్ళలు, ఏది ఎన్ని మార్పులో ఆ లెక్క ఆఫీసరుగారికే వదిలేద్దాం.

అసలు భయం రాత్రిపూట. ముక్కు పైకి లేచిన జీపుకి డిమ్ములో కూడా లైటు ఎదుటివాడి కళ్ళలోకే. 216 జాతీయ రహదారి మీద పాశర్లపూడి దాటి వస్తుంటే ఎదురుగా అలాంటిది తగిలిందా, ఎదుటివాడికి రోడ్డు కనబడదు. మన లోపలి రోడ్లకి ఓ పక్క పంటకాలువ, ఇంకో పక్క కొబ్బరితోట, మధ్యలో ఓ బండిన్నర పట్టే తారు. అలాంటి మలుపులో బరువు పైకెక్కిన బండి ఎటు ఒరుగుతుందో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. స్టీరింగు రాడ్డు వాలు మారిపోయి, గతుకు తగిలినప్పుడల్లా చక్రం తనంతట తాను పక్కకి లాగుతుందని నడిపేవాడే చెప్పాడు. చెప్పి, “అదే కిక్కండి బాబాయ్” అన్నాడు.

ఇంతకీ వాళ్ళ మామ్మగారు అంతర్వేది తీర్థానికి బయల్దేరి ఈ జీపు ఎక్కలేక కిందే నిలబడిపోయారట. మళ్ళీ మేస్త్రి దగ్గరికే పరిగెత్తారు. బాడీకి రెండు పక్కలా కిందికి వేలాడేలా ఇనప గొట్టాలతో ఫుట్‌స్టెప్పులు వెల్డింగు చేసిచ్చాడు, లేపినదానికంటే ఇంకో రెండంగుళాలు కిందికి. ఇప్పుడు ఊళ్ళో స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ఆ గొట్టాలు గీరుకుంటున్నాయి. ఇంకాస్త లేపుదామా అని ఆలోచిస్తున్నారు.