గుర్రం ఉన్న పెద్దమనిషి

పడమటి అమెరికాలో ఉద్యోగం చేసే మనవాళ్లకి ఈయన ఎక్కడో ఒకచోట తగిలే ఉంటాడు. మాకు డెన్వర్‌లో తగిలాడు. అరవైకి దగ్గర పడిన వయసు, మీటింగులో కూడా తియ్యని టోపీ, చొక్కా మీద ఎక్కడో అక్కడ ఒక ఎండుగడ్డి పరక. సోమవారం పొద్దున్నే "శని, ఆదివారాలు ఎలా గడిచాయండీ?" అని నోరు జారామా, ఆయనతో పాటు మోంటానా అడవులకి బయల్దేరాల్సిందే.

ఆ అడవుల్లో ఆయనకి ఎప్పుడూ తొమ్మిదేళ్లే. బాబ్ మార్షల్ అరణ్యం. 1964 నాటి చట్టం పుణ్యమా అని అలాంటిచోట మోటారు బండి కాదు గదా, సైకిలు కూడా తిరగకూడదు. కాబట్టి ముందు నాన్న గుర్రం, వెనక సామాన్లు మోసే కంచరగాడిదలు, మధ్యలో ఈయన. రాత్రయ్యేసరికి రెండు చెట్ల మధ్య ఎత్తుగా తాడు లాగి గుర్రాల్ని దానికి కట్టేసేవారట. తెల్లారి డేరాలోంచి తల బయటపెట్టేసరికి పొయ్యి రాజుకుని, కాఫీ మరుగుతూ ఉండేదట. ఎన్నిసార్లు చెప్పినా గుర్రాలకి నీళ్లెవరు పెట్టారో, జీన్లెవరు బిగించారో, లద్దె ఎవరెత్తారో మాత్రం ఈ కథలో రాదు. ఎక్కడం, దిగడం, తినడం, అంతే. తొమ్మిదేళ్ల రౌతుకి అంతకంటే ఏం తెలుస్తుంది లెండి!

పెద్దయ్యాక ఆ వేసవి మళ్లీ కావాలనిపించింది. గుర్రం కారుచౌకగానే దొరికింది. ప్రభుత్వ భూముల్లో తిరిగే అడవి గుర్రాల్ని అక్కడి సర్కారే దత్తతకిస్తుంది. మచ్చిక చెయ్యనిదైతే రుసుము 125 డాలర్ల నుంచి మొదలు. "మా అమ్మాయి బూట్లే అంతకంటే ఎక్కువ!" అని ఆయన ఇప్పటికీ మురిసిపోతాడు. మచ్చిక చేసినవాడికి ఎంతిచ్చారని అడిగితే మాత్రం కాఫీ తెచ్చుకోవడానికి లేస్తాడు.

ఇక అక్కణ్నుంచి తడిసి మోపెడు. నాలుగు వందల కిలోల ప్రాణి రోజుకి ఏడెనిమిది కిలోల ఎండుగడ్డి నములుతుంది. లాయం అద్దె నెలనెలా. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్కలు చెక్కించి లాడాలు కొట్టించాలి. నమిలే పళ్లు అరిగేకొద్దీ పైకి వస్తూనే ఉంటాయి కనక, ఏడాదికోసారి డాక్టరొచ్చి, మత్తిచ్చి, ఆకురాయి పట్టి వాటి అంచులు అరగదీస్తాడు. ఈయన తన పంటినొప్పిని మాత్రం మాత్రలతో నెట్టుకొస్తున్నాడు.

అన్నిటికన్నా భయం కడుపునొప్పి. గుర్రానికి వాంతి రాదు. పేగు మెలిపడిందంటే ఆపరేషనుకి వేల డాలర్లు. అందుకే లాయం నుంచి ఫోనొస్తే మీటింగులోంచి ఒక్క ఉదుటున లేచి కారిడార్లోకి పరిగెడతాడు. "లద్దె వేసిందా?" అన్న కేక అంతస్తంతా వినపడుతుంది. వేసిందట! లోపలికి వచ్చి కూర్చున్నప్పుడు ఆ మొహంలో పుత్రోత్సాహం చూడాలి.

ఇంతకీ అడవికి వెళ్లాడా? ఎక్కడ వెళ్లాడు! గుర్రానికో ట్రెయిలరు, దాన్ని లాగడానికో పెద్ద ట్రక్కు, కలుపు గింజలు లేవని ధ్రువపత్రమున్న గడ్డి. మామూలు గడ్డిని జాతీయ అడవుల్లోకి రానివ్వరు. ఇవన్నీ అమిరేసరికి ఈయన నడుం పట్టేసింది. నడుం సర్దుకునేసరికి గుర్రం మోకాళ్లు పట్టేశాయి. దానికిప్పుడు ఇరవై ఆరేళ్లు. ఎక్కొద్దన్నాడు డాక్టరు. "ఇంకో నాలుగేళ్లు నిక్షేపంగా బతుకుతుంది" అని కూడా అన్నాడు. ఆ మాటకి భార్య ఒక్క నిమిషం కళ్లు మూసుకుందట.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మాకో సామెత ఉందని చెబితే, చప్పట్లు కొట్టి బోర్డు మీద రాయించుకున్నాడు.

మొన్న భోజనానికి వచ్చి, పప్పన్నం కలుపుతూ ఒక ప్రతిపాదన బయటపెట్టాడు. గుర్రాన్ని సగం లీజుకి తీసుకోవడమనే పద్ధతి అక్కడ మామూలే. ఖర్చులో సగం పెట్టుకుంటే వారంలో కొన్ని రోజులు మనది.

"ఎక్కకూడదన్నారుగా?" అన్నాను.

"దువ్వుకోవచ్చు."

మా ఆవిడ నెయ్యి వడ్డిస్తూ, "ముందు సగమా, వెనక సగమా?" అంది.

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. "ముందు సగం నేనే ఉంచుకుంటాను. దాణా, పళ్లు అన్నీ అటే కదా, మీకు దండగ. వెనక సగానికి పెద్ద ఖర్చుండదు. ఒక పార కొనుక్కోండి చాలు."