క్రంచోపదేశ వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: "అన్నా, పొట్ట కరగాలంటే రోజూ వంద క్రంచెస్ కొట్టన్నా. అంతే!"

సందర్భము: పెండ్లికి నెల దినములున్నదనగా జిమ్మున చేరి, కుట్టించుకొన్న షేర్వాణీకి గుండీలు పట్టక చింతాక్రాంతుడైన వరునితో ట్రైనర్ పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థము: అన్నా = ఓ చందాదారుడా! (వయసుతో నిమిత్తము లేదు. ఫీజు కట్టిన ప్రతివాడును అన్నయే.) పొట్ట = నాభి చుట్టును వెలసిన కొవ్వు; కరగాలంటే = తక్కిన అవయవముల జోలికి పోక అదియొక్కటియే నశింపవలెనన్నచో; రోజూ = ఆదివారము మినహా; వంద = నూరు; క్రంచెస్ = వెల్లకిల పరుండి, మోకాళ్ళు మడిచి, భుజములను మాత్రము లేపి దింపు క్రియలను; కొట్టన్నా = చేయుము; అంతే = మరేమియు అక్కరలేదు.

పాఠాంతరములు: 'పొట్ట' అనుచోట 'తొడలు', 'చేతులు', 'డబుల్ చిన్' అనియు, అందుకు తగినట్లు 'క్రంచెస్'కు మారుగా 'స్క్వాట్స్', 'డంబెల్స్', 'పైకప్పు చూచి నోరు తెరచి మూయుట' అనియు కలవు. దిల్‌సుఖ్‌నగర్ ప్రతిలో 'రెండొందలు' అని యున్నది. అర్థభేదము లేదు.

తాత్పర్యము: ఎచ్చట మంట పుట్టునో అచ్చటనే కొవ్వు కరగునని వక్త హృదయము.

వ్యాఖ్య: వినుటకు ఇంపుగానే యున్నది కాని దేహము ఈ శాస్త్రమును చదువలేదు. కణములలో ట్రైగ్లిసరైడు రూపమున దాగిన కొవ్వును పక్కనున్న కండరము నేరుగా తీసికొనజాలదు. వ్యాయామవేళ అడ్రినలిన్ వంటి హార్మోనులు రక్తమున వ్యాపింపగా, ఆ కొవ్వు ఫ్యాటీ ఆసిడ్లుగను గ్లిసరాలుగను విడివడి రక్తమున కలియును. రక్తమా, ఒళ్ళంతయు తిరుగునది. కావున పొట్ట కండరము కాల్చిన కొవ్వు వీపుదో పిరుదుదో కావచ్చును. చెరువు తూర్పుగట్టున బిందె ముంచినచో తూర్పు నీరే తగ్గునా?

ఈ ఉపమానము పూర్ణము కాదని మేమే ఒప్పుకొందుము. చెరువు సమముగా తగ్గును, దేహమట్లు తగ్గదు. ఆల్ఫా-2 గ్రాహకములు హెచ్చుగా నున్నచోట కొవ్వు విడుదల మందగించును. స్త్రీలకు తుంటి, తొడలు అట్టి మొండిచోట్లు. పలువురికి మొదట చెంపలు పీక్కుపోవును. "ఒంట్లో బాగుండట్లేదా నాయనా?" అని మేనత్తలు పరామర్శించిన పిదపగాని బెల్టు ఒక రంధ్రము లోపలికి జరుగదు.

ప్రమాణములు: 1971లో టెన్నిస్ ఆటగాండ్ర చేతులు కొలిచిరి. రాకెట్టు పట్టు చేయి కండపట్టి లావయ్యెను. చర్మము క్రింది కొవ్వు మాత్రము రెండు చేతులకును ఒకే మందము. 1984 నాటి పరీక్ష ఇంకను కఠినము. 27 దినములలో, అనగా మన వరుని గడువు వంటి కాలములో, ఒక్కొక్కనిచే 5,004 సిట్-అప్స్ చేయించి, పొట్ట, వీపు, పిరుదుల నుండి కొవ్వు కణములు తీసి చూచిరి. కణములు చిక్కినవి, నిజమే. మూడుచోట్లను ఒకే తీరున చిక్కినవి! సగటున దినమునకు 185, మూలమున చెప్పిన వందకు ఇంచుమించు రెట్టింపు.

పూర్వపక్షము: "పనిచేయు కండరమునకు ఆనుకొన్న కొవ్వులో రక్తప్రసారమును విచ్ఛిత్తియు హెచ్చునని 2007లో చూపిరి గదా?" అందురేని, చూపిరి. అయినను విడుదలయినదెల్ల దహింపబడదు. వాడని భాగము తిరిగి నిల్వ చేరును. ఆ హెచ్చును మిక్కిలి స్వల్పము. షేర్వాణీ గుండీ దాని కోసము వేచియుండదు.

మరియు కిలో కొవ్వనగా సుమారు 7,700 కేలరీలు. వంద క్రంచెస్ కొన్ని నిమిషముల పని. అందు ఖర్చగు శక్తి ఒక ఇడ్లీకి చాలదు. పల్లీ చట్నీ లెక్క వేరు. కావున మూలమున దోషభూయిష్ఠమైన పదము 'క్రంచెస్' కాదు, 'అంతే'. అన్నము కొలత, నడక, బరువులెత్తుట, నిద్ర యను నాలుగింటిని ఆ ఒక్క పదము మ్రింగినది.

విశేషము: చేతికి చిక్కు కొవ్వు వేరు, కాలేయము, ప్రేవుల చుట్టు పేరుకొను కొవ్వు వేరు. రెండవదే ప్రమాదకరము, నడకకును మితాహారమునకును త్వరగా లొంగునదియు అదియే. భారతీయులకు నడుము చుట్టుకొలత హద్దు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు. అద్దము దీనిని చూపదు, టేపు చూపును.

అట్లయిన క్రంచెస్ వ్యర్థమా యని శిష్యుని ప్రశ్న. కాదు. కండ గట్టిపడును. ఆలంకారికుల మాటలో చెప్పవలెనన్నచో, సిక్స్ ప్యాక్ ఎల్లరకును కలదు. కొందరియందు వాచ్యము, మన వరునియందు వ్యంగ్యము.

ఉత్తరవాక్యము: "ప్రోటీన్ డబ్బా మన దగ్గరే దొరుకుద్దన్నా."

టీక: అర్థము స్పష్టము.