గుడ్డ ముందు తడవాలి

మా రోజుల్లో బండిని ముట్టుకునే ముందు గుడ్డ తడిసేది. ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా పొడి డస్టరే. రాత్రంతా రోడ్డు మీద దుమ్ము పట్టిన కారుని, చుక్క నీళ్ళు పోయకుండా, తెల్లారగానే బరబరా దులిపేస్తున్నారు. వాచ్‌మన్‌ని అనేందుకేముంది? అరబకెట్ నీళ్ళిచ్చి సెల్లార్లో కార్లన్నీ తుడవమంటే అతనేం చేస్తాడు? లక్షలు పోసి బండి కొని నాలుగు చెంబుల నీళ్ళకి వెనకాడే ఓనర్లని అనాలి.

ఆ దులుపుడు ఫలితం చూడాలంటే ఎండలో నిలబడి తలుపుల మధ్య నిలువు పట్టీలు చూడండి. అద్దంలా మెరిసే ఆ నల్ల ప్లాస్టిక్‌ని పియానో బ్లాక్ అంటున్నారు. షోరూమ్‌లో చూస్తే కళ్ళు చెదురుతాయి. కొన్నాళ్ళకే దాని నిండా సన్నటి గీతలు, సాలెగూడు అల్లినట్టు.

విజయవాడ ఆటోనగర్‌లో పెయింటింగ్ పనిలో జుట్టు నెరిసినవాణ్ణి. మా కాలపు అంబాసిడర్ కారు బంపర్ ఉక్కుది. దాని మీద నికెల్, నికెల్ మీద క్రోమ్. ఆ క్రోమ్ పొర మందం మైక్రాన్‌లో సగం కూడా ఉండదు గానీ చాలా గట్టిది. అయినా మా మేస్త్రి పొడిగుడ్డ తగలనిచ్చేవాడు కాదు. క్రోమ్ తట్టుకున్నా పక్కనున్న పెయింట్ తట్టుకోదని ఆయన పట్టు. ఇప్పటి ట్రిమ్‌లో, అంటే ఆ మెరిసే పట్టీల్లో, ఉండేది ఏబీఎస్, యాక్రిలిక్ లాంటి ప్లాస్టిక్‌లు. ఇసుక ముందు అవి నిలవవు. గట్టి లోహాన్నే అంత జాగ్రత్తగా చూసినవాళ్ళం, మెత్తటి ప్లాస్టిక్ చేతికొచ్చాక జాగ్రత్తే మానేశాం.

ప్లాస్టిక్ మీద నాకు కోపం లేదు. 1983 డిసెంబర్లో మారుతి 800 వచ్చాక, మోడల్ మారినకొద్దీ ఇనుము తగ్గి ప్లాస్టిక్ పెరిగింది. మంచిదే. బందరు గాలికి, విశాఖ గాలికి తుప్పు పట్టి చిల్లులు పడ్డ ఉక్కు బంపర్లు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్ళాయి. ప్లాస్టిక్‌కి ఆ బాధ లేదు. నా కోపమల్లా ఏ ప్లాస్టిక్‌ ఏదో చూడకుండా అన్నిటి మీదా ఒకే మిషన్ ఎక్కించేవాళ్ళ మీద.

నున్నగా మెరిసేదైతే గీతలు పోతాయి. ముందు షాంపూ నీళ్ళతో కడగాలి, ఆరబెట్టాలి. పక్కనున్న రబ్బరుకీ పెయింట్‌కీ మాస్కింగ్ టేపు వెయ్యాలి. మెత్తటి ఫోమ్ ప్యాడ్ మీద సన్నరకం పాలిష్ బఠాణీ గింజంత పెట్టి, చేత్తోగానీ తక్కువ స్పీడు మిషన్‌తోగానీ తేలిగ్గా తిప్పాలి. నాలుగు తిప్పులు తిప్పి ఆపాలి, తుడవాలి, చూడాలి. గోరుకి తగలని గీత దీనికి లొంగుతుంది. గోరుకి తగిలితే అది లోతుగా దిగినట్టే. దాన్ని పట్టుకుని రుద్దితే పొర పోవడమే తప్ప గీత పోదు.

ఆపి చూడమన్నది ఎందుకంటే, రేకు వేడిని చుట్టూ పంచేస్తుంది, ప్లాస్టిక్ పంచదు. మిషన్ ఒకేచోట తిరిగితే వేడంతా అక్కడే పేరుకుంటుంది. పైపొర మెత్తబడి మసకేస్తుంది, అంచుల్లో అయితే కాలిపోతుంది. రేకు మీద రబ్బింగ్ కాంపౌండ్ కొట్టినట్టే ట్రిమ్ మీదా కొడితే ఇదే గతి.

ఇక బంపర్ కింద, చక్రాల చుట్టూ ఉండే గరుకు నల్ల ప్లాస్టిక్. చాలావరకు పాలీప్రొపిలీన్. దానికి పాలిష్ పెట్టకూడదు. గరుకు సందుల్లో పాలిష్ ఇరుక్కుని తెల్లగా ఎండిపోతుంది, ఆపైన బ్రష్షుతో గీకాల్సిందే. వాటర్ పేపర్ పెడితే గరుకు అరిగి ఆ ముక్క ఒక్కటే నున్నగా మెరుస్తుంది. గీత పోయినా మచ్చ మిగులుతుంది. ముందు సబ్బునీళ్ళు, మెత్తటి బ్రష్షు వాడి చూడండి. చాలాసార్లు గీత అనుకున్నది గోడ సున్నమో, పక్క బండి పెయింటో అయి ఉంటుంది. కడిగితేనే సగం పోతుంది.

ఈమధ్య ఫోన్లో వీడియో చూసి హాట్ ఎయిర్ గన్ పట్టేస్తున్నారు. సన్నగీత వేడికి సర్దుకునే మాట నిజమే, వెలిసిన నలుపు తిరిగొచ్చేదీ నిజమే. కానీ పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆ గన్ మూతి దగ్గర 500 దాకా ఉంటుంది. చెయ్యి ఆగితే పట్టీ వంకర పోతుంది. పైగా ఆ నలుపు నిలవదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ పైపొరని విరగ్గొట్టడం వల్ల వెలిసింది అది. మళ్ళీ అదే ఎండలో నిలబెడితే మళ్ళీ వెలుస్తుంది. నీడలో పెట్టడం, ఎండని ఆపే డ్రెస్సింగ్ రాయడం తప్ప దారి లేదు. కిరసనాయిలు, డీజిలు పూసి నలుపు తెప్పించేవాళ్ళున్నారు. అది మెరుపు కాదు, దుమ్ముకి జిగురు.

వీటన్నిటికంటే నన్ను కష్టపెట్టే మాట ఇంకోటుంది. "మార్చేద్దాం సార్, ఇన్సూరెన్స్ ఉందిగా." అరగంట ఓపికతో పోయే గీతకి పట్టీ మొత్తం పీకి చెత్తలో వేస్తున్నారు. పీకేటప్పుడు క్లిప్పులు విరిగితే కొత్తది సరిగ్గా కూర్చోక కొట్టుకుంటుంది. ఆ ప్లాస్టిక్ మట్టిలో కలవదు, దాన్ని పీకిన కుర్రాడికి పనీ రాదు. మేం స్ప్రే గన్ పట్టడానికి ముందు వాటర్ పేపర్ పట్టి వేళ్ళు అరగదీసుకున్నాం. ఏ రేకు ఎంత రుద్దితే చాలో అలా తెలిసింది. ఇప్పటి పిల్లలకి చురుకు లేక కాదు, దగ్గర నిలబడి చూపించేవాళ్ళు లేక పని రావడం లేదు.

షాపులు నడిపేవాళ్ళకి నా మాట ఒకటే. పాత సామాన్ల కొట్లలో విరిగిన ట్రిమ్ ముక్కలు చవగ్గా దొరుకుతాయి. కొన్ని తెచ్చి పిల్లల ముందు పడెయ్యండి. ఏది నునుపు, ఏది గరుకు, ఏది వేడికి ఎలా మారుతుందో వాటి మీద చూసుకోనివ్వండి. కాలిపోతే పోనివ్వండి. ఆ తేడా తెలిశాకే కస్టమర్ బండి మీద చెయ్యి వెయ్యనివ్వండి.